పోయిన సేవ్ ఫైలుకు ఓట్లు పడవు: బగ్ రిపోర్టులు సర్దే మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులారా,

డిస్కార్డ్ సర్వర్లలో (ఆటగాళ్లు చేరి మాట్లాడుకునే ఆన్‌లైన్ వేదికల్లో), ఆటల బగ్ ట్రాకర్లలో (ఆటల్లోని లోపాలను, అంటే బగ్గులను, నమోదుచేసే చోట్ల) జీతం భత్యం లేకుండా కూర్చుని, తోటి ఆటగాళ్లు పంపిన రిపోర్టులను చదివి, పోల్చి, తగిన పేరు పెట్టి, వరుసలో నిలబెట్టే మీ అందరికీ ఈ లేఖ రాస్తున్నాను. తెలుగువాళ్లు నడిపే సంఘాల నిర్వాహకులను మరీ ముఖ్యంగా దృష్టిలో పెట్టుకున్నాను. నేనూ కొన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. పెద్ద అప్‌డేట్ విడుదలైన రాత్రి రిపోర్టులు ఎలా వచ్చిపడతాయో మీకు చెప్పనక్కర్లేదు. "ఆట పనిచేయడం లేదు" అని ఒక ముక్క రాసి వెళ్లిపోయేవాళ్లు, ఒకే రిపోర్టులో పదకొండు సమస్యలు కుక్కేవాళ్లు, కొత్త ఆయుధం కావాలన్న కోరికను బగ్ పేరుతో పెట్టేవాళ్లు, నిన్ననే మూసిన సంగతిని మళ్లీ తెరిచేవాళ్లు, అందరూ ఒకేసారి తలుపు తడతారు. ఆ గందరగోళంలోంచి డెవలపర్ ముందుకు ఏది ముందు వెళ్లాలో తేల్చేది మీరే. ఆటగాడికీ ఆట తయారుచేసే సంస్థకూ మధ్య మొదటి తీర్పు మీదే అన్నమాట. అందుకే సంస్థలకు కాకుండా మీకే ఈ మాట చెప్పదలచుకున్నాను.

"ఈ సమస్య నాకూ ఉంది" అంటూ తోటి ఆటగాళ్లు రిపోర్టుకు వేసే ఓట్ల సంఖ్యను బట్టి బగ్గుల వరుస కట్టడం మానేయండి. ఓట్లను పూర్తిగా తీసేయమని అనడం లేదు. అవి ఒక సమాచారం, ఉండనివ్వండి. కానీ చాలా సంఘాల్లో "ఎక్కువ ఓట్లు వచ్చినవి" అన్న జాబితాయే వారం చివర సంస్థకు వెళ్లే జాబితా అవుతోంది. నా అభ్యంతరం దాని మీదే.

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. ఫోనులో ఆడే ఒక ఆట సంఘంలో, ఆట పేరు అనవసరం, ఒకే వారంలో రెండు రిపోర్టులు వచ్చాయి. మొదటిది కొత్త దుస్తుల గురించి. పాత్ర పరిగెత్తినప్పుడు భుజం మీది వస్త్రం వీపులోంచి దూరి ముందుకు వస్తోంది. దానికి స్క్రీన్‌షాట్లు, వీడియోలు, వందల ఓట్లు. రెండోది డిగ్రీ చదివే ఒక కుర్రాడు తెలుగులో రాసింది: "నిన్న రాత్రి ఆట మధ్యలో ఆగిపోయింది. మళ్లీ తెరిస్తే మొదటి స్థాయి నుంచి మొదలవుతోంది. ఎనిమిది నెలలుగా ఆడుతున్నాను. ఆటలో నేను కట్టుకున్న ఊరు మళ్లీ వస్తుందా అన్నా?" దాని కింద నిర్వాహకుడి జవాబు ఒక్క వాక్యం: వెర్షన్ రాసి, లాగ్ ఫైలు (ఆట నడిచినప్పుడు లోపల జరిగినవి నమోదయ్యే ఫైలు) జతచేయండి. "లాగ్ ఫైలు అంటే ఏమిటి, ఎక్కడ ఉంటుంది?" అని ఆ కుర్రాడు అడిగాడు. ఎవరూ చెప్పలేదు. వారం గడిచాక ఆ రిపోర్టు "సమాచారం చాలదు" అన్న ముద్రతో దానంతట అదే మూసుకుపోయింది. అప్పటికి దానికి పడ్డవి మూడు ఓట్లు.

చివరికి తేలిన కారణం ఇది. ఫోనులో ఖాళీ జాగా అయిపోయినప్పుడు ఆ ఆట పాత సేవ్ ఫైలును (ఆటగాడు అప్పటిదాకా సాధించింది దాచే ఫైలును) ముందు చెరిపేసి, తర్వాత కొత్తది రాయడం మొదలుపెట్టేది. జాగా చాలక కొత్తది సగంలో ఆగిపోయేది. పాతదీ లేదు, కొత్తదీ లేదు. ముందు కొత్త ఫైలును పక్కన పూర్తిగా రాసి, సరిగా ఉందని చూసుకుని, ఆ తర్వాతే పాతదాని స్థానంలో పెట్టాలన్నది ఫైళ్లతో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన పద్ధతి. ఆ ఒక్క జాగ్రత్త లోపించింది. లాగ్ ఫైలు అడిగిన చోట "మీ ఫోనులో ఖాళీ ఎంత ఉంది?" అని తెలుగులో అడిగి ఉంటే ఆ వారమే దారి దొరికేది. తక్కువ నిల్వ ఉన్న చవక ఫోన్లలో ఆడేవాళ్లే ఆ బగ్‌కు ఎక్కువగా బలయ్యారు. మన దగ్గర ఆడేవాళ్లలో అలాంటి ఫోన్లు ఉన్నవాళ్లు ఎంతమందో మీకు తెలుసు.

ఇప్పుడు ఆ మూడు ఓట్ల సంగతి ఆలోచించండి. ఎనిమిది నెలల ఆట ఒక్క రాత్రిలో పోయిన మనిషి ఏం చేస్తాడు? చాలామంది ఆటను ఫోనులోంచి తీసేస్తారు. సర్వర్‌లోంచి కూడా వెళ్లిపోతారు. ట్రాకర్‌కు వచ్చి, వెతికి, తన సమస్యలాంటిది పట్టుకుని ఓటు వేసే ఓపిక ఆ క్షణాన ఎవరికి ఉంటుంది? వస్త్రం వీపులోంచి దూరుతోందని ఓటు వేసినవాళ్లు మాత్రం ఇంకా ఆడుతున్నారు, రోజూ సర్వర్‌కు వస్తున్నారు. అంటే ఓటు లెక్క ఆటలో మిగిలినవాళ్ల చిరాకును కొలుస్తోంది. అందరికంటే ఎక్కువ నష్టపోయినవాళ్లు ఆ లెక్కలోకి రానే రారు. బగ్ ఎంత ఘోరమైనదైతే దానికి ఓట్లు అంత తక్కువ పడే అవకాశం ఉంది. ఈ తిరకాసును గుర్తించకుండా మనం ఎన్ని రంగుల లేబుళ్లు తయారుచేసినా వరుస తప్పుగానే ఉంటుంది.

పెద్ద సంస్థల ఆటల్లోనూ ఇది జరిగింది. సైబర్‌పంక్ 2077 ఆట 2020 డిసెంబర్ 10న విడుదలైంది. మొదటి రోజుల్లో ఎటు చూసినా గాలిలో తేలే కార్లు, దుస్తులు మాయమైన పాత్రలు. చూసినవాళ్లందరూ వీడియోలు తీసి పంచుకున్నారు. ఆ సందడి మధ్య కంప్యూటర్లో ఆడుతున్న కొందరు వేరే సంగతి పట్టుకున్నారు. సేవ్ ఫైలు 8 ఎంబీ దాటితే అది చెడిపోతోంది, ఇక తెరుచుకోవడం లేదు. ఆటను ఎక్కువగా ప్రేమించి, ప్రతి వస్తువూ పోగేసి, గంటల తరబడి ఆడినవాళ్లకే ఇది తగిలింది. సంస్థ సహాయ విభాగం మొదట చెప్పిన సలహా ఏమిటంటే, వస్తువులు తక్కువగా ఉంచుకోండి, పాత సేవ్ నుంచి ఆడుకోండి అని. కొద్ది రోజుల్లోనే 1.06 అప్‌డేట్‌లో ఆ పరిమితి తీసేశారు. కానీ అప్పటికే చెడిపోయిన ఫైళ్లు మాత్రం ఆ అప్‌డేట్‌తో బాగుపడలేదు. తేలే కారు వచ్చే నెల సరిచేసినా కారు కారే. పోయిన సేవ్ ఫైలును ఆ తర్వాత ఏ అప్‌డేటూ తెచ్చి ఇవ్వలేదు. వరుస కట్టేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఆలస్యంగా సరిచేస్తే ఆ నష్టం పూడుతుందా, పూడదా?

ఆటల బయటి నుంచి కూడా ఒక ఉదాహరణ చెప్పాలి, ఎందుకంటే అది మన లిపికి సంబంధించినది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుదేలు చేసిన బగ్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా" అన్న అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో టైపు చేసి సందేశంగా పంపితే, దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే పనిచేయకుండా పోయేది. ప్రపంచంలోని ఐఫోన్ వాడకందారుల్లో ఆ అక్షరం టైపు చేసేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఓట్లు పెట్టి ఉంటే అది జాబితా అడుగున ఉండేది. అయినా యాపిల్ దాని సవరణను తర్వాతి పెద్ద వెర్షన్ 11.3 వచ్చేదాకా వాయిదా వేయలేదు. ఫిబ్రవరి 19న విడుదల చేసిన 11.2.6 అన్న చిన్న అప్‌డేట్‌లోనే దాన్ని సరిచేసింది. అరుదుగా జరిగేదైనా, జరిగితే కలిగే నష్టం పెద్దది కావడం, ఎవరైనా కావాలని ప్రయోగించగలగడం, ఈ రెండూ ఓట్ల లెక్క కంటే బరువైనవని ఆ నిర్ణయంలో కనిపిస్తుంది.

వీధిలో గుంత పూడ్చమని వందమంది అడుగుతారు. తెగి వేలాడుతున్న కరెంటు తీగను చూసి ఫోను చేసేవాడు ఒక్కడే ఉండవచ్చు. లైన్‌మన్ ఎటు ముందు పరిగెత్తాలో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇక పద్ధతి గురించి. తీవ్రత వేరు, ప్రాధాన్యం వేరు. బగ్ వల్ల ఆటగాడికి ఎంత నష్టం అన్నది తీవ్రత. దాన్ని ఎప్పుడు సరిచేయాలి అన్నది ప్రాధాన్యం. మొదటిది రిపోర్టు చదివిన మనం చెప్పగలం. రెండోది సంస్థ చేతిలో ఉంటుంది, ఎందుకంటే సరిచేయడానికి ఎంత పని పడుతుందో, దాన్ని ముట్టుకుంటే ఇంకేమి విరుగుతాయో వాళ్లకే తెలుసు. మైన్‌క్రాఫ్ట్ ఆట ట్రాకర్ ఈ తేడాను ఏళ్ల తరబడి చక్కగా పాటించింది. 2012 నుంచి ఆటగాళ్లే స్వచ్ఛందంగా నిర్వాహకులుగా పనిచేసిన ఆ ట్రాకర్‌లో, రిపోర్టు ఎంతవరకు నిజమని తేలిందో చెప్పడానికి నాలుగు మెట్లు పెట్టారు: నిర్ధారణ కానిది, నిజమయ్యే అవకాశం ఉన్నది, సంఘం ఏకాభిప్రాయం ఉన్నది, నిర్ధారణ అయినది. ప్రాధాన్యం అన్న గడి మాత్రం వేరుగా ఉండేది. అది నింపేది సంస్థ ఉద్యోగులు. బగ్ నిజమా అన్న ప్రశ్నకూ, ముఖ్యమా అన్న ప్రశ్నకూ ఒకే గడిలో జవాబు రాయకూడదన్న ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. మన సంఘాల్లో చాలాచోట్ల "అత్యవసరం" అన్న ఒకే ఒక ఎర్ర లేబుల్ ఉంటుంది. రిపోర్టు పెట్టినవాడే దాన్ని తగిలించుకోవచ్చు. వారం తిరిగేసరికి అన్నీ ఎర్రగానే ఉంటాయి.

మరుగుజ్జుల కోటను నడిపే డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఆటకు వాడిన మాంటిస్ అన్న ట్రాకర్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకొక మంచి గడి ఉంది: బగ్ మళ్లీ మళ్లీ జరుగుతోందా అన్నది. ఎప్పుడూ జరుగుతుంది, అప్పుడప్పుడు జరుగుతుంది, ఎప్పుడు జరుగుతుందో చెప్పలేం, ఇంకా ప్రయత్నించలేదు, ప్రయత్నిస్తే రాలేదు. చూడటానికి చిన్న విషయంగా ఉన్నా, "ప్రయత్నించలేదు", "ప్రయత్నిస్తే రాలేదు" అన్న రెండింటినీ విడదీయడం ఎంత నిజాయితీ! మన దగ్గర రెండూ "నాకు రాలేదు" అన్న ఒక్క వ్యాఖ్యలో కలిసిపోతాయి. నాకు రాలేదు అన్నవాడు అదే ఫోనులో, అదే వెర్షన్‌లో, అవే మెట్లు పాటించి చూశాడా, లేక ఊరికే తన ఆటలో కనిపించలేదని రాశాడా? ఈ తేడా అడగకుండా రిపోర్టును "మళ్లీ జరగలేదు" అని మూయకండి.

వర్గాల విషయంలో మీకు పనికొచ్చే మరో సంగతి. 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రూజ్ పరిశోధకులు ఆటల బగ్గులకు ఒక వర్గీకరణ తయారుచేశారు. కోడులో తప్పు ఎక్కడుందో అన్న లెక్కన కాకుండా, ఆటగాడి కంటికి ఏ వైఫల్యం కనిపించిందో దాన్ని బట్టి విభజించారు. అందులో మొదటి చీలిక ఎంతో ఉపయోగకరమైనది. ఆటను ఒక్క క్షణం ఆపి చూసినా తెలిసిపోయే తప్పులు ఒకవైపు. ముందు ఏం జరిగిందో తెలిస్తేనే తప్పని తేలేవి మరోవైపు. గోడలో ఇరుక్కున్న పాత్ర మొదటి రకం, దానికి స్క్రీన్‌షాట్ చాలు. తలుపు తెరిచాక రావలసిన శత్రువు రాకపోవడం రెండో రకం, దానికి ఎన్ని స్క్రీన్‌షాట్లు పెట్టినా ఖాళీ గదే కనిపిస్తుంది. ఈ రెండో రకానికి వీడియో అడగండి, లేదా ముందు చేసిన పనులన్నీ వరుసగా రాయమనండి. గ్రాఫిక్స్, శబ్దం, నెట్‌వర్క్ అని డెవలపర్ల విభాగాల ప్రకారం వర్గాలు పెట్టి, వాటిలోంచి ఎంచుకోమని ఆటగాణ్ని అడగడం అన్యాయం. తప్పు సర్వర్‌లో ఉందో ఫోనులో ఉందో అతనికి ఎలా తెలుస్తుంది? అతను చూసింది చెప్పమనండి. గడి మనం నింపుదాం.

ఓట్లను తక్కువ చేసి మాట్లాడుతున్నాను కాబట్టి, ఎంతమందికి తగిలింది అన్న ప్రశ్నే అనవసరమని అనుకోకండి. అది ఎంతో అవసరం. కానీ ఓట్ల సంఖ్య ఆ ప్రశ్నకు జవాబు కాదు. జీటీఏ ఆన్‌లైన్ సంగతి చూడండి. 2013లో వచ్చిన ఆ ఆట కంప్యూటర్లో తెరుచుకోవడానికి చాలామందికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. దాదాపు ప్రతి ఆటగాడికీ ఆ బాధ ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ అది బగ్ అన్న స్పృహే పోయింది, ఆట స్వభావమే అంత అనుకున్నారు. 2021 ఫిబ్రవరి చివర ఒక ఆటగాడు, సంస్థ కోడు చేతిలో లేకుండానే, విషయం తవ్వి తీశాడు. ఆటలో కొనుక్కోగల వస్తువుల జాబితా ఉన్న 10 ఎంబీల ఫైలును చదివేటప్పుడు, ఒక్కొక్క ముక్కకూ మిగిలిన ఫైలు పొడవునంతటినీ మళ్లీ మళ్లీ కొలుస్తోంది. ఆ పైన, సుమారు 63 వేల వస్తువుల్లో ప్రతిదాన్నీ ముందున్నవాటితో పోల్చి చూస్తోంది. ఈ రెండు చోట్లా సవరణ చేస్తే అతని కంప్యూటర్లో ఆరు నిమిషాల నిరీక్షణ రెండు నిమిషాల లోపుకు దిగింది. ఆట తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ అది నిజమని ఒప్పుకుని, అతనికి 10 వేల డాలర్ల బహుమతి ఇచ్చి, మార్చిలో అప్‌డేట్ విడుదల చేసింది.

నాకు ఈ ఉదంతంలో ముఖ్యంగా కనిపించేది "నెమ్మదిగా ఉంది" అన్న రిపోర్టులను మనం చూసే తీరు. వాటిని "పనితీరు" అన్న డబ్బాలో పడేసి, "మీ ఫోను పాతది" అని జవాబిచ్చి చేతులు దులుపుకుంటాం. పాత ఫోను ఉన్నవాడి దగ్గర బగ్ పెద్దగా కనిపిస్తుంది, అంతే. కొత్త ఫోనులోనూ అదే బగ్ ఉంటుంది. దయచేసి అలాంటి రిపోర్టుల్లో కొలతలు అడగండి: ఏ తెర నుంచి ఏ తెరకు ఎన్ని సెకన్లు, ఏ వెర్షన్ నుంచి పెరిగింది, వైఫై మీదా మొబైల్ డేటా మీదా. అందరూ అలవాటు పడిపోయిన బాధకు ఓటు వేయాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

"ఇది బగ్ కాదు, ఇలాగే పనిచేయాలి" అని మూసే రిపోర్టుల దగ్గర కూడా కాస్త నిదానం కావాలి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో పిస్టన్లకు (ముందున్న గడిని నెట్టే యంత్రభాగాలకు) ఒక విచిత్రమైన గుణం ఉంది. పిస్టన్‌కు నేరుగా రెడ్‌స్టోన్ శక్తి (ఆటలో కరెంటు లాంటిది) అందకపోయినా, దాని పైన ఉన్న గడికి అందే పరిస్థితి ఉంటే చాలు, పిస్టన్ కదులుతుంది. రెండు గడుల ఎత్తుండే తలుపు కోడు పద్ధతే పిస్టన్‌లోకి చేరడం దీనికి మూలమని చెబుతారు. చూడటానికి నికార్సైన బగ్. కానీ ఆటగాళ్లు దాని మీద ఆధారపడి ఎన్నో యంత్రాలు కట్టుకున్నారు. తీసేస్తే అవన్నీ కూలతాయి. సంస్థ దాన్ని ఆట పనితీరులో భాగంగానే ఉంచేసింది. ఫోన్లలో, కన్సోళ్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో ఆ గుణం లేదు. అక్కడి ఆటగాడు జావా వీడియో చూసి యంత్రం కట్టి, అది కదలకపోతే రిపోర్టు పెడతాడు. అతనిది తప్పా? "చెల్లదు" అన్న ఒక్క మాటతో ఆ రిపోర్టు మూస్తే అతను మళ్లీ ఏమీ రాయడు. రెండు ఎడిషన్లకూ తేడా ఉందని రెండు వాక్యాలు రాసి మూస్తే, రేపు నిజమైన బగ్ కనిపించినప్పుడు మన దగ్గరకే వస్తాడు.

నిర్ధారణ లేకుండా నమ్మేయడం దీనికి రెండో వైపు. దేశాలను ఏలే సివిలైజేషన్ ఆటలో, కంప్యూటర్ నడిపే పాత్ర అయిన గాంధీ అణుబాంబులు వేసే కథ మీరు వినే ఉంటారు. 1991 నాటి మొదటి ఆటలో గాంధీ దూకుడు విలువ 1 అని, ప్రజాస్వామ్యంలోకి మారినప్పుడు అందులోంచి 2 తగ్గించేసరికి అది సున్నా కిందికి పోలేక, ఆ గడి పట్టగల గరిష్ఠ విలువ 255కు చుట్టి వచ్చిందని ఎంతో వివరంగా చెప్పుకున్నారు. ఏళ్ల తరబడి ప్రపంచమంతా నమ్మింది. ఆ ఆట రూపకర్త సిడ్ మైయర్ 2020లో అలాంటి బగ్ ఆ ఆటలో అసలు లేదని స్పష్టం చేశారు. వందలమంది చెప్పారు, లోపలి లెక్క కూడా చెప్పారు, అయినా ఎవరూ ఆట తెరిచి మెట్టుమెట్టుగా చేసి చూపలేదు. ఓట్ల లెక్కన అయితే అది అగ్రస్థానంలో ఉండేది.

అలాగని వింతగా ఉన్న ప్రతి రిపోర్టునూ నవ్వి పక్కన పెట్టకండి. 2015 డిసెంబర్‌లో డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లోకి మద్యశాలలు వచ్చాయి. ఆ వెంటనే, కోటలో పిల్లులు వాంతులు చేసుకుని చచ్చిపోతున్నాయని ఆటగాళ్ల నుంచి రిపోర్టు వచ్చింది. ఆట రూపకర్త టార్న్ ఆడమ్స్ తవ్వి చూస్తే తేలింది ఇదీ: మరుగుజ్జులు తాగుతూ నేల మీద ఒలకబోసిన మద్యాన్ని పిల్లులు తొక్కుతున్నాయి, తర్వాత పాదాలు నాకి శుభ్రం చేసుకుంటున్నాయి. నాకిన ప్రతిసారీ ఆట ఒక పూర్తి గ్లాసు మద్యం తాగినట్టు లెక్క వేస్తోంది. అంత చిన్న ఒంటికి అది ప్రాణాంతకం. మద్యం పాదానికి అంటడం, నాకడం, ఒంటి బరువును బట్టి మత్తు ఎక్కడం, అన్నీ సరిగ్గానే పనిచేశాయి. పరిమాణం ఒక్కటే తప్పు. "పిల్లులు చనిపోతున్నాయి" అన్న రిపోర్టును ఏ నిర్వాహకుడైనా మొదట్లోనే వేళాకోళమని కొట్టిపారేసి ఉంటే? రాసినవాడు చూసింది చూసినట్టు రాశాడు, పక్కనున్న వాంతితో సహా. అంతకంటే మంచి రిపోర్టు ఎలా ఉంటుంది?

ఏ దారీ తేలని రిపోర్టులకు కూడా ఒక మర్యాద ఉండాలి. ఫ్యాక్టోరియో ఆట తయారుచేసిన వూబ్ సంస్థవాళ్లు తమ బగ్ విభాగంలో పెండింగ్, చిన్న సమస్యలు, సరిచేయబోనివి లాంటి గదులతో పాటు "1 / 0 మాయ" అన్న పేరుతో ఒక గది పెట్టారు. మెమరీ చిప్పు పాడైతేనో ఇంకేదో అయితేనో తప్ప జరగడానికి వీల్లేనివిగా కనిపించేవి అందులోకి వెళతాయి. ఆటగాడు అబద్ధమాడాడని అనకుండా, రిపోర్టును చెత్తలో వేయకుండా, ఒకచోట చేర్చి ఉంచారు. రేపు అలాంటివే ఇంకో నాలుగు వస్తే పోల్చి చూడవచ్చు.

డూప్లికేట్ల గురించి, అంటే ఒకే సమస్య మీద మళ్లీ వచ్చే రిపోర్టుల గురించి, ఒక్క మాట. పాత రిపోర్టుకు లింకు పెట్టి కొత్తది మూయడం మంచి అలవాటే. కానీ కొత్తదాంట్లో ఉన్న ఫోను మోడల్, వెర్షన్, మెట్లు పాతదాంట్లోకి ఎక్కించాకే మూయండి. పదిమంది ఇచ్చిన వివరాలు ఒకచోట చేరినప్పుడే "ఇది ఫలానా చిప్ ఉన్న ఫోన్లలోనే వస్తోంది" అన్న సంగతి బయటపడుతుంది.

ఇంకొక వర్గం ఉంది, దానికి ఓట్లే కాదు, అసలు బహిరంగంగా చోటే ఉండకూడదు. 2021 డిసెంబర్‌లో, ఎన్నో జావా ప్రోగ్రాములు వాడే లాగ్4జే అన్న సాఫ్ట్‌వేర్ భాగంలో లోపం బయటపడినప్పుడు మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో ఒక చాట్ సందేశంతోనే ఇతరుల కంప్యూటర్లో, సర్వర్‌లో తమ కోడు నడిపించగల ప్రమాదం వచ్చింది. డిసెంబర్ 10న 1.18.1 వెర్షన్ విడుదల చేసి దాన్ని మూశారు. అలాంటిది మన సర్వర్‌లోని బగ్ ఛానల్లో ఎవరైనా మెట్లతో సహా పెడితే, సరిచేసేవాళ్ల కంటే ముందు దుర్వినియోగం చేసేవాళ్లు చదువుతారు. ఖాతాలు దొంగిలించేవి, డబ్బుకు సంబంధించినవి, సర్వర్‌ను కూల్చేవి, వస్తువులను రెట్టింపు చేసుకునే కిటుకులు, ఇవన్నీ నిర్వాహకులకు మాత్రమే కనిపించే చోట పెట్టాలని మొదటి పేజీలోనే రాయండి. ఇప్పటికీ ఆ ఏర్పాటు లేని సంఘాలున్నాయి.

చివరగా భాష సంగతి. ఇంగ్లీషులో రాయలేనివాళ్ల రిపోర్టులు మన ట్రాకర్లలో నిశ్శబ్దంగా మూతపడుతున్నాయి. "ఇంగ్లీషులో రాయండి" అన్న జవాబు నేను చాలాచోట్ల చూశాను, తెలుగువాళ్లే తెలుగువాళ్లకు రాసినది. సంస్థకు ఇంగ్లీషులో పంపాలన్నది నిజమే. ఆ అనువాదం మన పని అనుకోండి. ఆటగాడు తనకు వచ్చిన భాషలో చూసింది చూసినట్టు చెబితే, మెట్లు విడదీసి ఇంగ్లీషులో రాసి పంపడానికి మనకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు పెట్టలేకపోతే, ఫోనులో జాగా చాలక సేవ్ పోయిన కుర్రాడి లాంటివాళ్ల సమస్యలు సంస్థల దాకా ఎప్పటికీ చేరవు. చేరకపోతే ఆ సమస్యలు లేవనే వాళ్లు అనుకుంటారు.

నా అభ్యర్థన ఇంతే. వచ్చే పెద్ద అప్‌డేట్ వచ్చేలోగా మీ సంఘంలో ఒక వారం ఈ పద్ధతి నడిపి చూడండి. ప్రతి రిపోర్టుకూ ఓట్లు చూడకముందే నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి: ఆటగాడు ఏం పోగొట్టుకున్నాడు, అది తిరిగి వస్తుందా, సరిచేసేదాకా తప్పించుకునే దారి ఉందా, ఎలాంటి ఫోను, ఎలాంటి ఆటతీరు ఉన్నవాళ్లకు తగులుతోంది. సేవ్ పోవడం, డబ్బు పోవడం, ఖాతా పోవడం అన్న మూడింటినీ ఒక్క ఓటు లేకపోయినా జాబితా పైన పెట్టి సంస్థకు పంపండి. అలాగే, గత మూడు నెలల్లో "సమాచారం చాలదు" అని మూసిన రిపోర్టులను ఒకసారి తెరిచి, వాటిలో ఎన్ని చోట్ల ఆటగాడు ఎదురు ప్రశ్న అడిగి జవాబు రాక ఆగిపోయాడో చూడండి. అలాంటివి దొరికితే వెనక్కి వెళ్లి జవాబివ్వండి, ఆలస్యమైనా సరే.

ఫోనులో లాగ్ ఫైలు ఎక్కడ దొరుకుతుందో, వెర్షన్ నంబరు ఎలా చూడాలో, తెరను వీడియో ఎలా తీయాలో తెలుగులో వివరించే ఒక పేజీ తయారుచేస్తున్నాను. మీ సంఘాల్లో ఆటగాళ్లు తరచుగా తడబడే ప్రశ్నలు పంపితే అవి కూడా అందులో చేరుస్తాను. పూర్తయ్యాక ఎవరైనా తీసుకుని, తమ ఆటకు తగ్గట్టు మార్చుకుని, తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు.

ఇట్లు,
మీతోపాటు రిపోర్టులు సర్దే ఒక స్వచ్ఛంద నిర్వాహకుడు